పెద్ద తరగతుల డిగ్రీ సైన్సు కోర్సుల పునర్రూపకల్పన

వందమందికి మించిన విద్యార్థులు ఒకే గదిలో కూర్చుని చదివే డిగ్రీ తొలి సంవత్సరాల సైన్సు కోర్సులను, వారు నిజంగా ఎంత నేర్చుకున్నారో కొలిచి, ఆ కొలత ఆధారంగా మళ్లీ రూపొందించడాన్ని కోర్సు పునర్రూపకల్పన అంటారు. భౌతిక, రసాయన, జీవ, గణిత శాస్త్రాల ప్రారంభ కోర్సుల్లో ఈ కృషి ఎక్కువగా జరిగింది. ఇది 1980ల నుంచి అమెరికా, కెనడా విశ్వవిద్యాలయాల్లో పరిశోధనగా ఎదిగి, తరువాత ఇతర దేశాలకు విస్తరించింది. తరగతి గంటలో ఆలోచించే పని ఎవరు చేస్తున్నారు, అధ్యాపకులా విద్యార్థులా అన్నది దీని మూల ప్రశ్న.

## నిర్వచనం, పరిధి

పునర్రూపకల్పన సిలబస్ సవరణ కంటే భిన్నమైనది. సిలబస్ సవరణలో ఏ పాఠాలు ఉండాలి, ఏవి తీసేయాలి అన్నది నిర్ణయిస్తారు. పునర్రూపకల్పనలో ఆ పాఠాలు చదివిన విద్యార్థి ఏం చేయగలగాలో నిర్ణయిస్తారు. తరగతి గదిలో ప్రొజెక్టర్ పెట్టడం, పాఠాలను వీడియోలుగా తీయడం వంటి ఉపకరణాల మార్పు కూడా దానంతటది పునర్రూపకల్పన కాదు. లక్ష్యం, తరగతి పని, పరీక్ష అనే మూడూ ఒకదానికొకటి పొందికగా మారినప్పుడే ఈ పేరు వర్తిస్తుంది.

ఈ రంగంలో తరచు వాడే మాటలు ఇవి:

అభ్యసన లక్ష్యం: కోర్సు ముగిసేసరికి విద్యార్థి చేసి చూపగలగాల్సిన పని.

క్రియాశీల అభ్యసనం: తరగతిలో విద్యార్థులు వింటూ రాసుకోవడంతో ఆగకుండా ప్రశ్నలకు జవాబు ఆలోచించడం, చర్చించడం, లెక్క చేయడం, ఫలితాన్ని ముందుగా ఊహించి చెప్పడం.

భావన పరీక్ష: సూత్రంలో అంకెలు వేసి జవాబు తెచ్చే అవకాశం లేకుండా, మూల భావన అర్థమైందో లేదో తేల్చే బహుళైచ్ఛిక పరీక్ష.

నిర్మాణాత్మక మూల్యాంకనం: మార్కుల కోసం కాక, ఎక్కడ తడబడుతున్నారో అప్పటికప్పుడు తెలుసుకుని సరిదిద్దడానికి చేసే పరిశీలన.

## నేపథ్యం

ఉపన్యాస పద్ధతి మధ్యయుగ ఐరోపా విశ్వవిద్యాలయాల నుంచి వచ్చింది. చేతిరాత పుస్తకాలు అరుదుగా దొరికే ఆ కాలంలో గురువు పుస్తకం చదివి వ్యాఖ్యానిస్తుంటే శిష్యులు రాసుకునేవారు. అచ్చు పుస్తకం వచ్చాక కూడా పద్ధతి మారలేదు. రెండో ప్రపంచ యుద్ధం తరువాత ఉన్నత విద్యలో చేరేవారి సంఖ్య పెరగడంతో ఒక్క అధ్యాపకుడితో వందలమందికి చెప్పించగల చవకైన ఏర్పాటుగా అది మరింత స్థిరపడింది.

పెద్ద ఉపన్యాస తరగతిలో మూడు ఇబ్బందులను పరిశోధకులు గుర్తించారు. మొదటిది, మనిషి ఒకేసారి మనసులో నిలుపుకుని పని చేయగల కొత్త విషయాల సంఖ్య చాలా తక్కువ. గంటసేపు ఆగకుండా కొత్త పదాలు, సూత్రాలు వచ్చిపడితే వాటిలో చాలావరకు జారిపోతాయి. రెండోది, విద్యార్థి ఖాళీ మనసుతో రాడు. కదిలే వస్తువుపై ఎప్పుడూ ఏదో బలం పనిచేస్తూ ఉండాలని, చెట్టు బరువంతా మట్టి నుంచే వస్తుందని నిత్యానుభవం అతనికి ముందే నేర్పి ఉంటుంది. చెట్టు పొడి బరువులో అధిక భాగం గాలిలోని కార్బన్ డయాక్సైడ్ నుంచి వస్తుందని కిరణజన్య సంయోగక్రియ సమీకరణం రాయగలిగిన విద్యార్థికి కూడా తట్టకపోవచ్చు. సమీకరణం పరీక్ష కోసం, పాత నమ్మకం జీవితం కోసం, రెండూ పక్కపక్కనే ఉండిపోతాయి. మూడోది, తాను ఎక్కడ పొరబడ్డాడో విద్యార్థికి పరీక్షలో మార్కులు వచ్చేదాకా తెలియదు. అప్పటికి తరగతి మరో మూడు అధ్యాయాలు దాటిపోయి ఉంటుంది.

## చరిత్ర

### తొలి ప్రయత్నాలు

1968లో అమెరికన్ మనస్తత్వ శాస్త్రజ్ఞుడు ఫ్రెడ్ కెల్లర్ ఉపన్యాసాన్ని దాదాపు పక్కనపెట్టి, పాఠాన్ని చిన్న యూనిట్లుగా విభజించి, ఒక యూనిట్‌పై పట్టు సాధించాకే తరువాతి దానికి వెళ్లే ఏర్పాటును ప్రచారంలోకి తెచ్చాడు. అదే ఏడాది బెంజమిన్ బ్లూమ్ ప్రావీణ్య అభ్యసన సూత్రాన్ని ప్రతిపాదించాడు. చాలినంత సమయం, తగిన సహాయం అందితే ఎక్కువమంది విద్యార్థులు ఉన్నత స్థాయికి చేరగలరన్నది దాని సారం. 1970ల చివర్లో బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో యూరి ట్రైస్మన్, కలన గణితంలో వెనుకబడుతున్న నల్లజాతి విద్యార్థులు ఎక్కువగా ఒంటరిగా చదువుతున్నారని, రాణిస్తున్న చైనీయ సంతతి విద్యార్థులు కలిసి చదువుతున్నారని గమనించాడు. దాంతో కఠినమైన లెక్కలను బృందంగా చేయించే కార్యశాలలు మొదలుపెట్టాడు. 1980ల మధ్యలో డికిన్సన్ కళాశాలలో ప్రిసిల్లా లాస్, ఉపన్యాసాన్ని తీసేసి ప్రయోగాలతోనే భౌతిక శాస్త్రం నేర్పే తరగతులను రూపొందించింది.

### భావన పరీక్షల దశ

1985లో అరిజోనా స్టేట్ విశ్వవిద్యాలయానికి చెందిన ఇబ్రహీం హలూన్, డేవిడ్ హెస్టెనీస్ యాంత్రిక శాస్త్రంలో విద్యార్థుల భావనలను కోర్సుకు ముందు, తరువాత కొలిచారు. సంప్రదాయ బోధన వల్ల మార్పు స్వల్పమని, పాఠం చెప్పిన ఆచార్యుడు ఎవరైనా ఫలితంలో పెద్దగా తేడా లేదని తేలింది. 1992లో హెస్టెనీస్ బృందం బల భావనల పరీక్షను ప్రచురించింది. మామూలు మాటల్లో అడిగే ఈ ప్రశ్నల్లో తప్పు జవాబులన్నీ విద్యార్థుల నిజమైన అపోహల నుంచే తీసుకున్నవి.

1984 నుంచి హార్వర్డ్‌లో భౌతిక శాస్త్రం బోధిస్తున్న ఎరిక్ మజూర్, 1990లో ఈ తరహా పరీక్షను తన తరగతికి పెట్టాడు. క్లిష్టమైన లెక్కలు చేయగల విద్యార్థులు సరళమైన భావన ప్రశ్నల్లో తడబడ్డారు. 1991లో ఆయన ఉపన్యాసం మధ్యలో ప్రశ్న వేసి విద్యార్థుల చేత ఒకరితో ఒకరు చర్చింపజేసే సహాధ్యాయి బోధనను ప్రారంభించాడు. ఆ తరగతిలో సాధారణీకృత లాభం (చూ. మూల్యాంకనం, కొలత) 1990లో 0.25 ఉండగా, 1991లో 0.49కి చేరింది.

1998లో ఇండియానా విశ్వవిద్యాలయానికి చెందిన రిచర్డ్ హేక్ 62 కోర్సుల్లోని 6,542 మంది విద్యార్థుల ఫలితాలను పోల్చాడు. 14 సంప్రదాయ కోర్సుల సగటు లాభం 0.23, విద్యార్థుల భాగస్వామ్యంతో నడిచిన 48 కోర్సుల సగటు 0.48. ఒక్క అధ్యాపకుడి అనుభవంగా ఉన్న విషయం ఈ సర్వేతో బహుళ సంస్థల ఆధారంగా మారింది.

### సంస్థాగత దశ

1999లో కారొల్ ట్విగ్ నాయకత్వంలో ప్యూ ట్రస్టుల నిధులతో 30 విద్యాసంస్థల్లో భారీ కోర్సుల పునర్రూపకల్పన కార్యక్రమం మొదలైంది. అభ్యసనాన్ని మెరుగుపరచడంతో పాటు ఖర్చు తగ్గించడం కూడా దాని లక్ష్యం. 25 సంస్థల్లో అభ్యసనం మెరుగుపడిందని, మిగిలినవాటిలో తగ్గలేదని, ఖర్చు సగటున 37 శాతం తగ్గిందని ఆ కార్యక్రమం నివేదించింది.

2001లో భౌతిక శాస్త్ర నోబెల్ బహుమతి పొందినవారిలో ఒకరైన కార్ల్ వీమన్, ఒక్కో అధ్యాపకుణ్ణి కాక మొత్తం విభాగాన్ని మార్చాలన్న ఆలోచనతో సైన్సు విద్యా కార్యక్రమాలను 2006లో కొలరాడో విశ్వవిద్యాలయంలో, 2007లో కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయంలో ప్రారంభించాడు. ఆయా శాస్త్రాల్లో పరిశోధన పట్టా ఉండి, బోధన పరిశోధనలోనూ శిక్షణ పొందిన నిపుణులను విభాగాల్లోనే నియమించి, అధ్యాపకులతో కలిసి ఒక్కో కోర్సునూ తిరగరాయించారు. ఈ అనుభవాన్ని వీమన్ 2017లో పుస్తకంగా వెలువరించాడు.

## మూల సూత్రాలు

వెనుక నుంచి రూపకల్పన: పాఠ్యపుస్తకంలోని మొదటి అధ్యాయంతో కాక, కోర్సు చివర విద్యార్థి ఏం చేయగలగాలి అన్నదానితో మొదలుపెట్టి, దానికి తగిన పరీక్షను, ఆ పరీక్షకు సిద్ధం చేసే తరగతి పనిని వరుసగా నిర్ణయించడం. గ్రాంట్ విగిన్స్, జే మక్‌టై 1998లో దీన్ని క్రమబద్ధం చేశారు.

పూర్వభావనలను బయటికి తేవడం: అపోహ ఉందని విద్యార్థి తానే గుర్తించేలా ముందు ఊహించమని అడిగి, తరువాత ఫలితం చూపడం.

తరచుగా, తక్కువ మార్కులతో అభ్యాసం: రెండు పెద్ద పరీక్షలకు బదులు వారం వారం చిన్న పనులు.

వెంటనే పరిపుష్టి: పొరపాటు వేడిగా ఉన్నప్పుడే సరిదిద్దడం.

సామాజిక అభ్యసనం: తోటివారికి వివరించే క్రమంలో తన ఆలోచననే చక్కబరచుకోవడం. ఇద్దరికీ సరైన జవాబు ముందు తెలియకపోయినా చర్చ తరువాత అవగాహన పెరుగుతుందని 2009లో కొలరాడో జీవశాస్త్ర తరగతులపై జరిగిన అధ్యయనం చూపింది.

## పునర్రూపకల్పన ప్రక్రియ

ఒక కోర్సును మార్చడానికి సాధారణంగా రెండు మూడు సెమిస్టర్లు పడుతుంది. వీమన్ కార్యక్రమాలు మూడు ప్రశ్నల చుట్టూ పని నడిపాయి. విద్యార్థులు ఏం నేర్చుకోవాలి? ఇప్పుడు నిజంగా ఏం నేర్చుకుంటున్నారు? ఏ పద్ధతులు ఆ రెంటి మధ్య దూరాన్ని తగ్గిస్తాయి?

మొదటి దశలో అభ్యసన లక్ష్యాలు రాస్తారు. ‘రసాయన సమతాస్థితిని అర్థం చేసుకొనుట’ అన్న వాక్యం సిలబస్ పుస్తకంలో చెల్లుతుంది కానీ లక్ష్యంగా పనికిరాదు. విద్యార్థికి అర్థమైందో లేదో దానితో తేల్చలేం. దాని బదులు, ‘సమతాస్థితిలో ఉన్న ఉష్ణమోచక చర్యకు ఉష్ణోగ్రత పెంచితే అది ఎటువైపు జరుగుతుందో ముందే చెప్పి, కారణాన్ని తన మాటల్లో వివరించగలగాలి’ అని రాస్తారు. ఈ వాక్యం నుంచి పరీక్ష ప్రశ్న, తరగతి ప్రశ్న రెండూ నేరుగా పుడతాయి. ఒక విభాగంలోని అధ్యాపకులందరూ కూర్చుని ఇలాంటి లక్ష్యాలను అంగీకరించడమే చాలాసార్లు అన్నిటికన్నా ఎక్కువ కాలం తీసుకునే పని.

రెండో దశలో విద్యార్థులను ఇంటర్వ్యూ చేసి, పాత జవాబు పత్రాలు పరిశీలించి, భావన పరీక్ష పెట్టి ప్రస్తుత స్థితిని నమోదు చేస్తారు. మూడో దశలో తరగతి ప్రశ్నలు, ముందస్తు పఠనం, ఇంటిపని, పరీక్షలు తయారు చేస్తారు. నాలుగో దశలో బోధించి, మళ్లీ కొలిచి, పని చేయని భాగాలను మారుస్తారు. తయారైన సామగ్రి మొత్తం విభాగం పేరున భద్రపరుస్తారు. అధ్యాపకుడు బదిలీ అయినా, మారినా కోర్సు నిలవాలన్నది ఇందులోని ఉద్దేశం.

## ప్రధాన నమూనాలు

### సహాధ్యాయి బోధన

ఉపన్యాస గదిని యథాతథంగా ఉంచుతూ మధ్యలో భావన ప్రశ్నలు వేసే పద్ధతి. పెద్ద తరగతుల్లో అతి విస్తృతంగా వాడుకలో ఉంది. జవాబులు సేకరించడానికి క్లిక్కర్లు (మీట నొక్కి జవాబు పంపే చిన్న పరికరాలు), మొబైల్ ఫోన్లు, రంగు అట్టముక్కలు, చేతి వేళ్లు ఏవైనా చాలు (చూ. ఒక తరగతి గంట).

### సమయోచిత బోధన, తలకిందుల తరగతి

విద్యార్థులు పాఠం ముందుగా చదివి లేదా చూసి, తరగతికి కొన్ని గంటల ముందు ఆన్‌లైన్ ప్రశ్నలకు జవాబులు పంపుతారు. అధ్యాపకుడు వాటిని చూసి ఆ రోజు తరగతిలో ఏం చేయాలో సవరించుకుంటాడు. 1990లలో ఇండియానాపోలిస్, అమెరికా వైమానిక దళ అకాడమీ, డేవిడ్సన్ కళాశాల అధ్యాపకులు దీన్ని అభివృద్ధి చేశారు. వినడాన్ని ఇంటికి, సాధనను తరగతికి మార్చే తలకిందుల తరగతి దీనికి దగ్గరి రూపం.

### స్టూడియో తరగతి

ఉపన్యాసం, ట్యుటోరియల్, ప్రాక్టికల్ మూడింటినీ ఒకే గదిలో కలిపే నమూనా. నార్త్ కరోలినా స్టేట్ విశ్వవిద్యాలయంలో రాబర్ట్ బైక్నర్ 1990లలో రూపొందించిన గదిలో ఏడడుగుల వ్యాసం గల గుండ్రని బల్లల చుట్టూ తొమ్మిదిమంది చొప్పున, ముగ్గురేసి మూడు జట్లుగా కూర్చుంటారు. పదకొండు బల్లలతో 99 మందికి ఒకేసారి బోధన సాగుతుంది. మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో జాన్ బెల్చర్ విద్యుదయస్కాంత శాస్త్ర కోర్సును ఇదే దారిలో మార్చాడు.

### మార్గదర్శిత అన్వేషణ

రసాయన శాస్త్రంలో 1990ల మధ్య నుంచి వ్యాపించిన పద్ధతి. ముగ్గురు నలుగురి జట్టులో ఒకరు నిర్వాహకుడు, ఒకరు లేఖకుడు, ఒకరు ప్రతినిధి. ముందు దత్తాంశం చూసి, అందులో క్రమాన్ని కనుక్కుని, ఆ తరువాతే దానికి శాస్త్రీయ నామం తెలుసుకుంటారు.

### సహాధ్యాయి నాయకత్వ బృందాలు, అభ్యసన సహాయకులు

న్యూయార్క్ సిటీ కళాశాల రసాయన శాస్త్ర విభాగంలో పుట్టిన నమూనాలో, అంతకుముందు అదే కోర్సులో రాణించిన విద్యార్థి ఆరు నుంచి ఎనిమిదిమంది జట్టును వారానికోసారి నడుపుతాడు. కొలరాడోలో 2000ల తొలినాళ్లలో మొదలైన అభ్యసన సహాయకుల పథకంలో, సీనియర్ విద్యార్థులు పెద్ద తరగతిలో తిరుగుతూ జట్లకు తోడ్పడతారు. జవాబు చెప్పకుండా ప్రశ్న అడగడంలో వారికి విడిగా శిక్షణ ఇస్తారు.

### ఎంపోరియం

వర్జీనియా టెక్ 1997లో ఒక పాత దుకాణ సముదాయంలో వందల కంప్యూటర్లతో గణిత కేంద్రాన్ని తెరిచింది. విద్యార్థులు తమ వేగంతో లెక్కలు చేస్తారు, సందేహం వచ్చినప్పుడు సహాయకుణ్ణి పిలుస్తారు. ట్విగ్ కార్యక్రమంలోని నమూనాల్లో ఇది ఒకటి.

### పరిశోధనాధారిత ప్రాక్టికల్స్

ఫలితం ముందే తెలిసిన ప్రయోగానికి బదులు ఎవరికీ జవాబు తెలియని చిన్న ప్రశ్నను తరగతి మొత్తం పరిశోధిస్తుంది. 2008లో హోవర్డ్ హ్యూస్ వైద్య సంస్థ ప్రారంభించిన కార్యక్రమంలో తొలి ఏడాది విద్యార్థులు మట్టి నుంచి బాక్టీరియాకు సోకే వైరస్‌లైన బాక్టీరియోఫేజ్‌లను వేరుచేసి, వాటి జన్యుక్రమాన్ని విశ్లేషిస్తారు.

## ఒక తరగతి గంట

సహాధ్యాయి బోధన ఎలా సాగుతుందో ఈ ఊహా ఉదాహరణ చూపుతుంది. 120 మంది ఉన్న బీఎస్సీ మొదటి సంవత్సరం తరగతి. న్యూటన్ మూడో నియమం గురించి అధ్యాపకురాలు పది నిమిషాలు మాట్లాడి, బోర్డు మీద ప్రశ్న రాస్తుంది. ఇసుక లారీ, ఆగి ఉన్న ఆటోను ఢీకొట్టింది. ఢీకొన్న క్షణంలో: ఒకటి, లారీ ఆటోపై చూపే బలం ఎక్కువ. రెండు, ఆటో లారీపై చూపే బలం ఎక్కువ. మూడు, రెండూ సమానం. నాలుగు, ఆటో ఏ బలమూ చూపదు.

ఒక నిమిషం ఎవరూ మాట్లాడకూడదు. తరువాత అందరూ ఒకేసారి గుండె ముందు వేళ్లు చూపాలి. పక్కవారిని చూసి మార్చుకునే వీలు లేకుండా ఈ నియమం. 66 మంది ఒక వేలు, 48 మంది మూడు వేళ్లు చూపారు. ఆమె జవాబు చెప్పదు. ‘మీతో ఏకీభవించనివారిని వెతుక్కుని ఒప్పించండి’ అంటుంది.

గదిలో సందడి మొదలవుతుంది. ‘లారీ పెద్దది కదరా, అదే గట్టిగా గుద్దుతుంది’ అని ఒకరు. ‘ఆటో నుజ్జయింది కాబట్టి నీకలా అనిపిస్తోంది. బలం ఇద్దరిమీదా ఒకటే. ఆటో ద్రవ్యరాశి తక్కువ, అందుకే దాని త్వరణం ఎక్కువ’ అని పక్కనున్నవారు. అధ్యాపకురాలు బెంచీల మధ్య నడుస్తూ వింటుంది. బలాన్ని, దెబ్బను విద్యార్థులు ఒకటిగా తీసుకుంటున్నారని అక్కడే ఆమెకు తెలుస్తుంది. మూడు నిమిషాల తరువాత రెండోసారి వేళ్లు లేస్తాయి. ఈసారి మూడు వేళ్లు చూపినవారు 97 మంది. అప్పుడు ఆమె బలానికి, బలం కలిగించే ఫలితానికి మధ్య తేడాను వివరిస్తుంది. ఆ వివరణ కోసం తరగతి అప్పటికే ఎదురుచూస్తూ ఉంటుంది.

మజూర్ బృందం అనుభవంలో, తొలి ఓటులో 35 నుంచి 70 శాతం మంది సరైన జవాబు చెప్పినప్పుడు చర్చ బాగా ఫలిస్తుంది. అంతకన్నా తక్కువైతే భావనను మళ్లీ వివరించాలి, ఎక్కువైతే చర్చ లేకుండా ముందుకు సాగవచ్చు. అందువల్ల మంచి ప్రశ్నల తయారీయే ఈ పద్ధతిలో ప్రధాన శ్రమ.

## మూల్యాంకనం, కొలత

కోర్సు ఫలితాన్ని కొలవడానికి సాధారణీకృత లాభం ఎక్కువగా వాడతారు. మొదట్లో రాని భాగంలో ఎంత సాధించారన్నది ఇది చెబుతుంది. ఒక తరగతి సగటు కోర్సుకు ముందు 40 శాతం, తరువాత 70 శాతం అనుకుంటే, పెరగడానికి అవకాశమున్న 60లో 30 పెరిగింది కాబట్టి లాభం 0.5.

బల భావనల పరీక్ష తరహాలో రసాయన శాస్త్రానికి, ప్రకృతి వరణానికి, ఇతర అంశాలకు పరీక్షలు వచ్చాయి. సైన్సు పట్ల విద్యార్థి దృక్పథాన్ని కొలిచే ప్రశ్నావళులు వేరుగా ఉన్నాయి. తరగతిలో ఏం జరుగుతోందో తెలుసుకోవడానికి 2013లో రూపొందిన పరిశీలన పద్ధతిలో, ప్రతి రెండు నిమిషాలకోసారి అధ్యాపకుడు, విద్యార్థులు చేస్తున్న పనులను సంకేతాలతో నమోదు చేస్తారు.

పరీక్షల స్వరూపమూ మారింది. రెండంచెల పరీక్షలో విద్యార్థి ముందు ఒంటరిగా జవాబులు రాసి ఇస్తాడు. వెంటనే అవే ప్రశ్నలను జట్టుగా చర్చించి మరో పత్రం రాస్తారు. ఎక్కువ మార్కులు మొదటి పత్రానికే ఉంటాయి. పొరపాటు తెలిసివచ్చే సమయం వారాల నుంచి నిమిషాలకు తగ్గుతుంది.

## ఫలితాలు, ఆధారాలు

2011లో లూయీ డెలోరియే, ఎలెన్ షెలూ, వీమన్ బ్రిటిష్ కొలంబియాలో చేసిన ఒక వారం ప్రయోగం ఫలితాలను ప్రచురించారు. 270 మంది దరిదాపుల్లో ఉన్న రెండు సెక్షన్లలో ఒకదానికి మంచి పేరున్న అనుభవజ్ఞుడైన ఆచార్యుడు ఉపన్యసించాడు. రెండోదానికి క్రియాశీల పద్ధతిలో శిక్షణ పొందిన, అనుభవం తక్కువగల బోధకుడు చెప్పాడు. వారం తరువాతి పరీక్షలో మొదటి సెక్షన్ సగటు 41 శాతం, రెండోది 74 శాతం.

2014లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన స్కాట్ ఫ్రీమన్ బృందం సైన్సు, ఇంజనీరింగ్, గణిత కోర్సులపై 225 అధ్యయనాలను కలిపి విశ్లేషించింది. క్రియాశీల తరగతుల్లో పరీక్ష మార్కులు సగటున దాదాపు 6 శాతం పెరిగాయి. తప్పినవారు ఉపన్యాస తరగతుల్లో 33.8 శాతం, క్రియాశీల తరగతుల్లో 21.8 శాతం. మెరుగుదల అన్ని పరిమాణాల తరగతుల్లోనూ కనిపించినా, 50 మందికి లోపున్న తరగతుల్లో ఎక్కువగా ఉంది.

2020లో ఎలీ థియోబాల్డ్ తదితరులు చేసిన విశ్లేషణలో, తక్కువ ప్రాతినిధ్యం ఉన్న వర్గాల విద్యార్థులకూ ఇతరులకూ మధ్య అంతరం పరీక్ష మార్కుల్లో 33 శాతం, ఉత్తీర్ణతలో 45 శాతం తగ్గింది. తరగతి సమయంలో అధిక భాగాన్ని క్రియాశీల పనికి కేటాయించిన చోట్లే ఈ ప్రయోజనం దక్కింది.

## పరిమితులు, విమర్శలు

పద్ధతి పేరు పెట్టుకున్నంత మాత్రాన ఫలితం రాదు. యాదృచ్ఛికంగా ఎంచిన అమెరికా జీవశాస్త్ర కోర్సులపై 2011లో వచ్చిన అధ్యయనంలో, క్రియాశీల పద్ధతి వాడకానికి, ప్రకృతి వరణంపై విద్యార్థుల అభ్యసనానికి సంబంధం కనిపించలేదు. బోధన పరిశోధనలో నిపుణులైనవారు సాధించిన ఫలితం సాధారణ అధ్యాపకులకు తేలికగా రాకపోవచ్చని పరిశోధకులు వ్యాఖ్యానించారు.

విద్యార్థుల అయిష్టత మరో అంశం. 2019లో హార్వర్డ్‌లో జరిగిన ప్రయోగంలో క్రియాశీల తరగతిలోనివారు ఎక్కువ నేర్చుకున్నారు, కానీ తక్కువ నేర్చుకున్నామని భావించారు. సాఫీగా సాగే ఉపన్యాసం అర్థమైన భ్రమ కలిగిస్తుంది, తడబడుతూ చేసే పని నేర్చుకోని భావన కలిగిస్తుంది. అందువల్ల విద్యార్థుల అభిప్రాయ పత్రాలతోనే అధ్యాపకులను అంచనా వేస్తే మార్పుకు ఆటంకమవుతుంది. పేరు పెట్టి పిలిచి అందరి ముందు జవాబు అడగడం కొందరిలో ఆందోళన పెంచుతుందని కూడా అధ్యయనాలు గుర్తించాయి.

సిలబస్ పూర్తి కాదన్నది అధ్యాపకుల ప్రధాన అభ్యంతరం. విషయ పరిచయాన్ని ముందస్తు పఠనానికి మార్చడం దీనికి ఒక సమాధానం. అది విద్యార్థికి ఇంట్లో సమయం, పుస్తకం, ఇంటర్నెట్ ఉన్నప్పుడే నడుస్తుంది. కొత్త పద్ధతి ప్రయత్నించిన అమెరికన్ భౌతిక శాస్త్ర అధ్యాపకుల్లో దాదాపు మూడో వంతు మంది తరువాత మానేశారని 2012 నాటి అధ్యయనం తెలిపింది. 2018లో ఉత్తర అమెరికాలో రెండువేలకు పైగా తరగతులను పరిశీలించినప్పుడు, 55 శాతం తరగతుల్లో సమయంలో 80 శాతానికి పైగా ఉపన్యాసమే సాగుతోందని తేలింది.

## భారతదేశంలో, తెలుగు రాష్ట్రాల్లో

భారత డిగ్రీ కళాశాలలు ఎక్కువగా విశ్వవిద్యాలయాలకు అనుబంధంగా నడుస్తాయి. సిలబస్, చివరి పరీక్ష విశ్వవిద్యాలయం చేతిలో, బోధన కళాశాల చేతిలో ఉంటాయి. లక్ష్యం, తరగతి, పరీక్ష మూడింటినీ కలిపి మార్చాలన్న సూత్రానికి ఈ విభజన పెద్ద అడ్డంకి. స్వయంప్రతిపత్తి కళాశాలలకు ఈ విషయంలో వెసులుబాటు ఎక్కువ. విశ్వవిద్యాలయ నిధుల సంఘం ప్రోత్సహించిన సెమిస్టర్, ఎంపిక ఆధారిత క్రెడిట్ విధానం, అభ్యసన ఫలితాల ఆధారిత పాఠ్యప్రణాళిక చట్రాలు, 2020 జాతీయ విద్యా విధానం కోర్సు స్థాయి మార్పుకు కొంత అవకాశం కల్పించాయి. 2017లో ప్రారంభమైన ‘స్వయం’ ఆన్‌లైన్ వేదికలోని కోర్సుల ద్వారా సెమిస్టర్ క్రెడిట్లలో 40 శాతం వరకు పొందేందుకు 2021 నిబంధనలు అనుమతిస్తున్నాయి.

భారతదేశంలో నమోదైన ప్రయోగాల్లో ఐఐటీ బొంబాయి ప్రారంభ కంప్యూటర్ ప్రోగ్రామింగ్ కోర్సు ఒకటి. ముందు ఒంటరిగా ఆలోచించి, జంటగా చర్చించి, అందరితో పంచుకునే పద్ధతిని ఆ భారీ తరగతిలో అమలు చేసినప్పుడు 83 శాతం మంది పనిలో నిమగ్నమై ఉన్నారని 2013లో ప్రచురితమైన పరిశీలన చెప్పింది.

తెలుగు రాష్ట్రాల్లో భాష ప్రత్యేక అంశం. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ డిగ్రీ సైన్సు పాఠ్యపుస్తకాలను తెలుగులో వెలువరించింది. ఆంధ్రప్రదేశ్‌లో 2021–22 నుంచి డిగ్రీ కోర్సులు ఇంగ్లీషు మాధ్యమానికి మారాయి. తెలుగు మాధ్యమంలో ఇంటర్ చదివి వచ్చిన విద్యార్థి ఇంగ్లీషు ఉపన్యాసంలో భావనతో పాటు భాషతోనూ పెనుగులాడాలి. ప్రశ్న ఇంగ్లీషులో ఉన్నా, పక్కవారితో చర్చ తెలుగులో సాగే సహాధ్యాయి పద్ధతి భాష బరువును భావన నుంచి విడదీయగలదు. వేళ్లు, రంగు కాగితాలతో నడుస్తుంది కాబట్టి పరికరాల ఖర్చూ లేదు.

2008లో బాసర, నూజివీడు, ఇడుపులపాయల్లో ప్రారంభమైన రాజీవ్‌గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం పదో తరగతి పూర్తిచేసిన గ్రామీణ విద్యార్థులను పెద్ద సంఖ్యలో చేర్చుకుని, ల్యాప్‌టాప్ ఆధారిత అభ్యసనాన్ని కేంద్రంగా పెట్టుకుంది. తెలంగాణ కళాశాల విద్యాశాఖ నిర్వహించే జిజ్ఞాస విద్యార్థి అధ్యయన ప్రాజెక్టులు పరిశోధనాధారిత అభ్యసనానికి దగ్గరగా ఉంటాయి. ప్రాక్టికల్స్‌లో సీనియర్ల రికార్డు చూసి రీడింగులు రాసుకునే అలవాటుకు, జవాబు ముందే తెలియని ఇలాంటి చిన్న ప్రాజెక్టులు ప్రత్యామ్నాయం చూపుతాయి.

## ప్రాముఖ్యం

డిగ్రీ మొదటి ఏడాది సైన్సు కోర్సు చాలామందికి ఆ శాస్త్రంతో చివరి పరిచయం. కొద్దిమందికి వృత్తి జీవితానికి తొలి మెట్టు. సైన్సు కోర్సులు వదిలి వెళ్లినవారికి, నిలిచినవారికి మధ్య సామర్థ్యంలో పెద్ద తేడా లేదని, బోధన తీరుపై అసంతృప్తి ఇద్దరిలోనూ ఉందని ఎలెయిన్ సీమోర్, నాన్సీ హ్యూవిట్ 1997లో చూపారు. అందువల్ల ఈ కోర్సుల ఫలితాన్ని విద్యార్థి ప్రతిభకు కొలతగానే చూడకుండా, కోర్సు నిర్మాణానికి కూడా కొలతగా చూడటం మొదలైంది.

పునర్రూపకల్పన వల్ల అధ్యాపకుడి పాత్ర తగ్గదు. ఏ ప్రశ్న ఎప్పుడు వేయాలో, తరగతి ఎక్కడ తడబడుతుందో తెలిసిన నిపుణుడు పాఠం అప్పజెప్పగలిగినవాడి కన్నా ఎక్కువ అవసరమవుతాడు. తరగతి ఎంత పెద్దదైనా, వెనక బెంచీలో కూర్చున్న విద్యార్థి కూడా రోజుకు ఒక్కసారైనా తన ఆలోచనను బయటికి చెప్పి, అది సరైనదో కాదో ఆ గంటలోనే తెలుసుకునే ఏర్పాటు ఈ నమూనాలన్నిటికీ ఉమ్మడి లక్షణం.

## ఇవి కూడా చూడండి

క్రియాశీల అభ్యసనం, నిర్మాణాత్మక మూల్యాంకనం, ప్రావీణ్య అభ్యసనం, బ్లూమ్ వర్గీకరణ, భావన పరీక్షలు, తలకిందుల తరగతి, తెలుగు అకాడమీ, జాతీయ విద్యా విధానం 2020.